పైథాన్‌లో అన్ని కోర్లూ పనిచేయకపోతే: సమస్య - పరిష్కారం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పరిశోధన చేసే విద్యార్థుల్లో చాలామందికి ఉన్న యంత్రం ఒక్క ల్యాప్‌టాపే కాబట్టి, దానిలోని ప్రతి కోరునూ (ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే భాగాన్ని) సరిగా వాడుకోవడం అవసరం. మర్రిగూడ, మునుగోడు మండలాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని ఎక్కడెక్కడ దాటవచ్చో తెలుసుకోవడానికి వేలసార్లు సిమ్యులేషన్ నడిపే పనిని ఉదాహరణగా తీసుకుందాం.

సమస్య: ఎనిమిది థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే సాగే పని ధారలు) పెట్టినా వేగం పెరగదు, లినక్స్ టాప్ కమాండ్‌లో ఆ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) వాడకం నూరు శాతం దగ్గరే, అంటే ఒక్క కోరు దగ్గరే ఆగిపోతుంది.

కారణం: అందరూ మామూలుగా వాడే పైథాన్ అయిన సీపైథాన్‌లో జీఐఎల్ (GIL) అనే తాళం వల్ల ఒక క్షణంలో ఒక్క థ్రెడ్ మాత్రమే పైథాన్ కోడ్‌ను నడపగలదు.

పరిష్కారం: లైబ్రరీని ఎంచుకునే ముందు ప్రోగ్రాం లెక్కలు చేస్తోందా, దేనికోసమైనా ఎదురుచూస్తోందా అన్నది తేల్చుకోవాలి. సర్వర్ నుంచి ఫైళ్లు దించుకునే పనికి థ్రెడ్లు చాలు, ఒకేసారి వేల కనెక్షన్లుంటే ఒకే థ్రెడ్‌లో వాటన్నిటినీ చూసుకునే అసింక్‌ఐఓ (asyncio) మేలు. మన సిమ్యులేషన్ మాత్రం పూర్తిగా లెక్కల పని కనుక, 3.2 వెర్షన్ నుంచి పైథాన్‌తోనే వస్తున్న కాంకరెంట్ ఫ్యూచర్స్ (concurrent.futures) లైబ్రరీలోని ప్రాసెస్ పూల్‌ను వాడాలి. అది పనిని విడివిడి ప్రాసెస్‌లకు పంచుతుంది, ఒక్కోదానికి సొంత జీఐఎల్ ఉంటుంది కనుక అన్ని కోర్లూ పనిచేస్తాయి. అదనంగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు కాబట్టి నేను మొదట సూచించేది దీన్నే.

సమస్య: ప్రాసెస్ పూల్ పెట్టాక పని మునుపటికంటే నెమ్మదించింది.

కారణం: ఒక ప్రాసెస్ జ్ఞాపకంలోని డేటా మరొకదానికి నేరుగా కనిపించదు. పంపే ప్రతి వస్తువూ పికిల్ అయి (బైట్ల మూటగా మారి), అవతల మళ్లీ విప్పబడాలి. పని చిన్నదై డేటా పెద్దదైతే ఈ రవాణాకే సమయమంతా పోతుంది.

పరిష్కారం: పట్టికను పంపకుండా ఫైలు పేరు పంపి, దాన్ని ప్రాసెస్‌లోనే చదివించాలి. పూల్‌కు పనులు అప్పగించే మ్యాప్ ఫంక్షన్‌లో చంక్‌సైజ్ (ఒక విడతలో పంపే పనుల సంఖ్య) మామూలుగా 1 ఉంటుంది కాబట్టి దాన్ని పెంచి, ఒక్కో విడతలో వందల సిమ్యులేషన్లు అప్పగించాలి. పెద్ద నంపై (NumPy) అర్రేలు, అంటే సంఖ్యల పట్టికలు పంపడం తప్పనిసరైతే జాబ్‌లిబ్ (joblib) లైబ్రరీ మంచిది. అది వాటిని మెమరీ మ్యాప్ చేసి (నకళ్లు తీయకుండా డిస్కులోని ఒకే ఫైలు నుంచి) ప్రాసెస్‌లన్నిటికీ పంచుతుంది, లాంబ్డాను (పేరులేని చిన్న ఫంక్షన్‌ను) పికిల్ చేయలేమన్న ఎర్రర్ కూడా అందులో సాధారణంగా రాదు. డేటా ర్యామ్‌లో పట్టనప్పుడు డాస్క్ (Dask), ఎన్నో యంత్రాలున్న క్లస్టర్ దొరికినప్పుడు ఎంపీఐ4పై (mpi4py) లైబ్రరీలు అవసరమవుతాయి. అంతకుముందే వాటి జోలికి వెళితే శ్రమే పెరుగుతుంది.

సమస్య: ల్యాబ్‌లోని లినక్స్‌లో నడిచిన ప్రోగ్రాం ఇంట్లోని విండోస్‌లో రన్‌టైమ్ ఎర్రర్ ఇస్తుంది.

కారణం: విండోస్‌లో ప్రతి కొత్త ప్రాసెస్ మీ ఫైలును మొదటినుంచి మళ్లీ ఇంపోర్ట్ చేస్తుంది, దాంతో పూల్‌ను మొదలుపెట్టే కోడ్ కూడా మళ్లీ నడుస్తుంది. లినక్స్‌లో ఇన్నాళ్లూ ఈ ఇబ్బందిని తప్పించిన ఫోర్క్ (నడుస్తున్న ప్రాసెస్‌కే నకలు తీసే పద్ధతి) కూడా పైథాన్ 3.14 నుంచి డిఫాల్ట్ కాదు.

పరిష్కారం: పూల్‌ను మొదలుపెట్టే కోడ్‌ను ఇఫ్ నేమ్ ఈక్వల్స్ మెయిన్ (if __name__ == "__main__":) షరతు కింద ఉంచాలి.

సమస్య: కోర్లన్నీ నిండినా పని సాగదు.

కారణం: నంపై వెనక మాత్రికల లెక్కలు చేసే బ్లాస్ (BLAS) లైబ్రరీ ప్రతి ప్రాసెస్‌లోనూ సొంతంగా థ్రెడ్లు తెరుస్తుంది; ఎనిమిది ప్రాసెస్‌లు ఎనిమిదేసి తెరిస్తే అరవై నాలుగు థ్రెడ్లు ఎనిమిది కోర్ల కోసం పోటీపడతాయి.

పరిష్కారం: నంపైని ఇంపోర్ట్ చేయకముందే ఓఎంపీ నమ్ థ్రెడ్స్ (OMP_NUM_THREADS) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువను ఒకటిగా పెట్టాలి.

జీఐఎల్ లేని పైథాన్ బిల్డ్ (ప్రత్యేకంగా తయారుచేసిన రూపం) 2024 అక్టోబరులో 3.13తో ప్రయోగాత్మకంగా మొదలై, 3.14లో అధికారిక మద్దతు పొందింది. అయితే దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. అందుకు సిద్ధం కాని సీ ఎక్స్‌టెన్షన్ (సీ భాషలో రాసిన పైథాన్ ప్యాకేజీ భాగం) ఒక్కటి ఇంపోర్ట్ అయినా జీఐఎల్ తిరిగి ఆన్ అవుతుంది కాబట్టి, థ్రెడ్లకు మారే ముందు మీరు వాడే ప్రతి ప్యాకేజీనీ ఆ బిల్డ్‌లో పరీక్షించండి.