వారం ప్లాన్ శుక్రవారం నుంచి వెనక్కి రాయండి

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను రాసిన లెసన్ ప్లాన్లు చూస్తే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. ఒక్కో పీరియడ్‌కి రెండేసి పేజీలు. ఏ నిమిషానికి ఏ ప్రశ్న అడగాలో, దానికి పిల్లలు ఏం జవాబు చెప్తారో కూడా ముందే రాసేసేదాన్ని. ఆ జవాబులు వాళ్లెప్పుడూ చెప్పలేదనుకోండి. సోమవారం పాఠం సగంలో బెల్లు కొట్టేవారు. మిగతా సగం మంగళవారానికి పోయేది. బుధవారానికి ప్లాన్ దారి ప్లాన్‌ది, క్లాసు దారి క్లాసుది. శుక్రవారం సాయంత్రం ‘ఈ వారం ఏం నేర్పాను?’ అనుకుంటే ఫలానా పేజీ నుంచి ఫలానా పేజీ దాకా అన్నదొక్కటే గుర్తొచ్చేది.

ఇప్పుడు వారం మొత్తానికి ఒకటే పేజీ. ఆదివారం సాయంత్రం నలభై నిమిషాలు కూర్చుంటే అయిపోతుంది. నాది తొమ్మిదో తరగతి, 42 మంది పిల్లలు, వారానికి ఐదు ఇంగ్లీషు పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. మీ లెక్క వేరే ఉండొచ్చు కానీ పద్ధతి ఇదే పనికొస్తుంది.

ముందుగా పేజీ అడుగున శుక్రవారం అని రాసి, ఆ రోజు పిల్లలు చేసి చూపించగల పని ఒక్కటి రాయండి. ‘రిపోర్టెడ్ స్పీచ్ (ఒకరన్న మాటను మరొకరికి చెప్పే తీరు) పూర్తి చేయాలి’ అనేది టీచరు పని, అక్కడ రాయాల్సింది అది కాదు. ‘తాము విన్న ఒక సంభాషణను ఎనిమిది వాక్యాల్లో, ఎవరు ఎవరితో ఏమన్నారో తికమక లేకుండా రాస్తారు’ అన్నది పిల్లల పని. నోట్‌బుక్ తెరిస్తే కనిపిస్తుంది. ‘అర్థం చేసుకుంటారు’, ‘తెలుసుకుంటారు’ లాంటి మాటలు నా పేజీలో దొర్లితే కొట్టేస్తాను.

తర్వాత ఆ పనిలో వాళ్లు ఎక్కడ బోల్తా పడతారో ఊహించాలి. నలభై నిమిషాల్లో పావుగంట దీనికే ఇస్తాను, ఎందుకంటే మిగతా వారమంతా దీని మీదే ఆధారపడుతుంది. పోయిన వారం నోట్‌బుక్కుల్లోంచి ఆరు తీసి పక్కన పెట్టుకుంటాను: బాగా రాసేవాళ్లవి రెండు, మధ్యస్థంగా రాసేవాళ్లవి రెండు, ఇబ్బంది పడేవాళ్లవి రెండు. 42 చూడక్కర్లేదు, తప్పులు ఎలాగూ మందలుగానే వస్తాయి.

రిపోర్టెడ్ స్పీచ్‌నే తీసుకోండి. తెలుగులో మనకి ‘అని’ ఉంది. ‘రేపు వస్తానని చెప్పాడు’ అంటాం. వాడన్న ‘వస్తాను’ చెక్కుచెదరకుండా అలాగే ఉంది, చివర ‘అని’ తగిలించాం, అంతే. ఇంగ్లీషులో అలా కుదరదు. ‘ఐ’ కాస్తా ‘హి’ అవ్వాలి, ‘విల్’ కాస్తా ‘వుడ్’ అవ్వాలి, ‘టుమారో’ కాస్తా ‘ది నెక్స్ట్ డే’ అవ్వాలి. ఒక్క చిన్న వాక్యంలో మూడు చోట్ల కదలిక. అందుకే పిల్లలు ‘హి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అని నిశ్చింతగా రాస్తారు. తెలుగులో ఆలోచించినవాడికి అందులో తప్పేమీ కనిపించదు. ఇది గ్రహించాక తిట్టడం తగ్గించాను.

దాంతో మంగళవారం ఏం చేయాలో కూడా తేలిపోయింది. మార్పుల పట్టిక వేసి బట్టీ పట్టించే బదులు, ఆ రెండు వాక్యాలనూ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి, ‘ఇందులో వచ్చేది ఎవరు?’ అని అడిగాను. ఒకడు లేచి, ‘టీచర్, ఈ ఇంగ్లీషు వాక్యం నేను చెప్తే రేపు నేనే రావాలి కదా’ అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. ‘ఐ’ ఎందుకు మారాలో ఆ పైన నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఎప్పటికీ నిజమైన సంగతులకు టెన్స్ మార్చనక్కర్లేదనే మినహాయింపు ఉంది కానీ దాన్ని ఆ వారం ఎత్తను. నియమం కుదురుకోకముందే మినహాయింపు చెప్తే రెండూ పోతాయి.

ఇక రోజులు నింపడం. శుక్రవారం రాస్తారు కాబట్టి బుధవారానికి నోటితో చెప్పడం రావాలి. అలా రావాలంటే మంగళవారానికి వాక్యం ఎలా కదులుతుందో తెలియాలి. అందుకు సోమవారం అలాంటి వాక్యాలు కంటపడాలి. కాబట్టి సోమవారం పాఠమంతా చదవం. సంభాషణ ఉన్న రెండు పేరాలే చదువుతాం, మిగతాది ఇంటిదగ్గర చదువుకొస్తారు. బుధవారం ‘మూడో మనిషి’ ఆట: ముగ్గురు చొప్పున 14 గుంపులు. మొదటివాడు రెండోవాడి చెవిలో ఒక మాట చెప్తాడు, రెండోవాడు దాన్ని మూడోవాడికి చేరవేస్తాడు, వాడు రాస్తాడు. గోల అవుతుంది, పక్క క్లాసు వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

గురువారం గడి ఖాళీగా వదిలేయండి. కొత్తవాళ్లకి ఇది మింగుడుపడదు. సిలబస్ టెన్షన్ నాకూ ఉంది. కానీ ఏ వారమైనా ఏదో ఒక పీరియడ్ మీటింగుకో, పరీక్షకో ఎగిరిపోతుంది. ఎగరకపోతే ఆ రోజు చేయడానికి పని దానంతటదే దొరుకుతుంది.

45 నిమిషాల పీరియడ్‌కి 30 నిమిషాల పనే రాయండి. కుదురుకోవడానికి, హాజరుకి, హోమ్‌వర్క్ చెప్పడానికి పది నిమిషాలు పోతాయి. ఇంకో ఐదు నిమిషాలు మార్కుల్లేని స్లిప్ టెస్ట్‌కి: నిన్నటి ప్రశ్న ఒకటి, పోయిన వారంది ఒకటి, పోయిన నెలది ఒకటి. నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా జారిపోతుందని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించాడు. మళ్లీ మళ్లీ గుర్తు చేయకపోతే మనం చెప్పిందీ అంతే.

క్లాసులో అడిగే ముఖ్యమైన ప్రశ్నలు రెండే రాసుకుని, వాటి పక్కన మూడు చుక్కలు పెడతాను. అవి మూడు సెకన్లు. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో సైన్సు క్లాసులు గమనించి, టీచర్లు ప్రశ్న వేశాక సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతున్నాయని తేల్చింది. నేనూ ఆగలేకపోయేదాన్ని. చుక్కలు చూస్తే నోరు మూసుకోవడం గుర్తొస్తుంది.

దిద్దుబాటు కూడా ప్లాన్‌లో భాగమే. నోట్‌బుక్‌కి రెండు నిమిషాలైనా 42కి 84 నిమిషాలు, అంటే దాదాపు రెండు పీరియడ్లు. అన్ని తప్పులూ ఎర్ర ఇంకుతో నింపితే మీకు నడుం నొప్పి, వాళ్లకి చూడబుద్ధి కాదు. వారానికి ఒక్క రకం తప్పే దిద్దండి, అదేమిటో ముందే పిల్లలకి చెప్పేయండి.

స్కూలు అడిగే లెసన్ ప్లాన్ ఫార్మాట్ వేరే ఉంటుంది. దాంతో గొడవ పెట్టుకోవద్దు. ఈ పేజీ చేతిలో ఉంటే అది పది నిమిషాల పని.

ప్లాన్ ఎప్పుడూ నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీదే రాయండి. కుడి పేజీ, నిజంగా ఏం జరిగిందో రాయడానికి. మొన్న బుధవారం నాది ఇలా ఉంది: ‘వెనక బెంచీలు తెలుగులోనే గుసగుస. తొమ్మిది గుంపులు హి టోల్డ్ దట్ అని రాశాయి, ఎవరితో చెప్పాడో రాయలేదు.’ గురువారం ఖాళీ గడిలోకి ‘సెడ్, టోల్డ్’ వచ్చి కూర్చున్నాయి. పోయిన ఏడాది ఇదే పాఠం దగ్గర కుడి పేజీలో ఒకే ముక్క ఉంది: ‘సంభాషణ నువ్వు ఇవ్వకు, వాళ్లనే తెమ్మను.’ అందుకే ఈసారి శుక్రవారం ఏ సంభాషణ రాయాలో నేను చెప్పలేదు. పదకొండు మంది స్టాఫ్‌రూమ్ బయట నిలబడి మా మాటలు విని రాశారు.