ఎండలకు ముందు పాత ఇంటి మరమ్మతు: మిద్దె మీద బరువు ఎక్కించకండి

మిద్దె కూలి ఇంట్లోవాళ్లు నిద్రలోనే మట్టిలో కూరుకుపోయారన్న వార్త రాయలసీమ పల్లెల నుంచి వానాకాలంలో వస్తూనే ఉంటుంది. పట్నాల్లో అదే వార్త "మరమ్మతు చేస్తుండగా స్లాబు కూలింది" అని వస్తుంది. వానకు నానిందనో, కట్టడం పాతదనో రాసి వదిలేస్తారు. కానీ ఆ బరువు ఆ ఒక్క రాత్రిలో వచ్చింది కాదు. కారకూడదని ఒకసారి, చల్లగా ఉండాలని ఇంకోసారి, ఏటేటా ఎండాకాలంలో మనుషులే పైకి చేర్చింది.

శివరాత్రి దాటింది. తాతలనాటి ఇంటిని ఎండలకు సిద్ధం చేసే పనులు మొదలయ్యే రోజులివి. సొంత ఇంటిని తామే బాగుచేయించుకునే ఆర్కిటెక్టులకు, ఇంజినీర్లకు ఈ జాగ్రత్తలు మరీ అవసరం. వేరేవాళ్ల ఇల్లయితే కొలతలు తీయందే, స్ట్రక్చరల్ ఇంజినీరు చూడందే గునపం ముట్టుకోనివ్వరు. సొంతింటికి వచ్చేసరికి డ్రాయింగూ ఉండదు, లెక్కా ఉండదు. "అరవై ఏళ్లుగా చెక్కుచెదరలేదురా" అని పెదనాన్న అన్న మాటే లెక్కయిపోతుంది. అరవై ఏళ్లు నిలిచింది అప్పటి బరువుకు. మీరు కొత్తగా పెట్టబోయే బరువుకు కాదు.

పడమటి కిటికీలకు తడికలు కట్టడం, వట్టివేళ్ల తెరలు తడపడం అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోవడం లేదు. ఇళ్లను ముంచే తప్పు ఒక్కటే: పాతది తీయకుండా దాని మీదే కొత్తది వేయడం.

బరువు లెక్క

ఒక చదరపు అడుగు మీద ఒక అంగుళం మందాన సిమెంటు మాలు పరిస్తే సుమారు 5 కిలోలు. కాంక్రీటయితే ఇంకాస్త ఎక్కువ. ఎండు మట్టి 4 కిలోలు, అదే మట్టి నానితే నాలుగున్నర దాటుతుంది. ఈ అంకెలు గోడ మీద రాసిపెట్టుకోండి.

ఇప్పుడు 12 అడుగులకు 15 అడుగుల గది తీసుకుందాం. 180 చదరపు అడుగులు. మిద్దె మీద ఆరంగుళాల మట్టి ఉంటే, ఎండినప్పుడే 4 టన్నుల పైచిలుకు. నానితే 5 టన్నులు. అంటే ఒక్క ముసురుకే ఆరేడు వందల కిలోలు అదనం. చవుడు మట్టి వేసే ఇళ్లలో వానలకు ముందు ఏటా ఒక పొర వేస్తారు. అందులో కొంత వానకు కొట్టుకుపోతుంది, కొంత నిలిచిపోతుంది. నిలిచిపోయినదే ఇరవై ఏళ్లకు అడుగు మందమవుతుంది. కింద దూలం మాత్రం అదే, దాని మీద అడ్డంగా పరిచిన కర్రలు, అంటే దంతెలు, అవే. పైగా ఈలోపు వాటిని చెదలు తినేసి ఉంటాయి.

స్లాబు ఉంది కదా అని ధైర్యపడటానికీ లేదు. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు, కట్టడాల బరువులకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం, లెక్కలోకి తీసుకునే రాకపోకల బరువు (కప్పు సొంత బరువు కాక పైన వచ్చిపోయే మనుషుల, సామాను బరువు) చదరపు మీటరుకు 150 కిలోలు, అంటే చదరపు అడుగుకు దాదాపు 14. మూడంగుళాల మాలు పరిచి టైల్స్ అతికిస్తే ఆ 14 అక్కడికే సరి. ఆ తర్వాత పెళ్లికో పేరంటానికో ముప్పైమంది పైకెక్కితే వాళ్లను మోయడానికి లెక్కలో ఏమీ మిగల్లేదు. డాబా మీద తోట వేద్దామనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అడుగు మందం తడి మట్టి అంటే చదరపు అడుగుకు 50 కిలోలు దాటుతుంది. నాలుగంగుళాల పాత స్లాబు సొంత బరువుకు అది రెట్టింపు.

పైన ఏముందో ముందు చూడండి

పిట్టగోడ చెబుతుంది. ఒకప్పుడు మోకాలెత్తున ఉన్నది ఇప్పుడు చీలమండ దగ్గరికి వచ్చిందంటే తేడా అంతా పొరలే. వాన తూము సగం పూడుకుపోయి కనిపించినా, మెట్లగది గడప డాబా మట్టానికి దిగిపోయినా అర్థం అదే.

అంచనాతో సరిపెట్టకుండా తవ్వి చూడండి. తూము దగ్గర ఒకటి, దానికి ఎదురు మూలలో ఒకటి, జానెడు వెడల్పున రెండు గుంతలు చాలు. వాలు కోసం ఎదురు మూలలో మందం ఎక్కువ వేస్తారు కాబట్టి ఒక్క గుంతతో సరిపెట్టుకోవద్దు. ఉలి, చిన్న సుత్తి మాత్రమే వాడండి. గుంత అంచును తడిగుడ్డతో తుడిస్తే పొరలు చారలుగా తేలతాయి: పైన బూడిదరంగు సిమెంటు, కింద నల్లటి తారు, ఎర్ర పెంకు, మళ్లీ సిమెంటు, ఆ కింద సున్నం గచ్చు. ఒక్కో చారనూ టేపుతో కొలిచి, పైన చెప్పిన అంకెలతో గుణించండి. ఆ మొత్తం చూశాక పైన ఇంకో పొర వేయాలన్న ఆలోచన చాలామందికి దానంతటదే పోతుంది.

కింది నుంచి చూడాల్సింది దూలం కొసలు. గోడలో దూరి ఉండే ఆ జానెడు భాగంలోనే తేమ చేరుతుంది, చెదలు చేరతాయి. నడిమి భాగం నున్నగా నిగనిగలాడుతున్నా కొస పిండైపోయి ఉండొచ్చు. స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. సులువుగా సెంటీమీటరు దిగితే ఆ దూలాన్ని నమ్మొద్దు. దూలం కింద గోడ నిలువునా పగిలి ఉన్నా అంతే. దూలం పొడవునా దారం లాగి కట్టి, నడిమి వంపు ఎంతో గుర్తుపెట్టి, నెల తర్వాత మళ్లీ చూడండి. వంపు పెరుగుతుంటే ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు.

స్లాబుకైతే అడుగున పెచ్చులు, తుప్పు మరకలు చూడండి. కడ్డీ బయటపడిన స్లాబుకు పైన ఏ పూతా మందు కాదు. ముందు కడ్డీ సంగతి తేల్చాలి. ఇదంతా చూసుకున్నాక కూడా ఊళ్లోనో పక్క పట్నంలోనో ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి చూపించండి. మీరే ఇంజినీరయినా సరే.

పాతది తీసే పద్ధతి

తీయడంలోనూ ప్రాణాలు పోతాయి. కాబట్టి వరుస తప్పకండి.

ముందు గది పూర్తిగా ఖాళీ చేయాలి. తర్వాత కింద ఆసరా. ప్రతి దూలానికీ మధ్యలో ఒకటి, రెండు గోడలకూ అడుగు దూరంలో ఒక్కొక్కటి, ఇనుప జాకీలో సరుగుడు బాదులో నిలబెట్టండి. వాటి పాదాల కింద రెండంగుళాల మందం పలక తప్పనిసరి. లేకపోతే పాత గచ్చులోకి అవి దిగిపోతాయి. జాకీ దూలాన్ని తాకి బిగిస్తే చాలు, పైకి లేపకూడదు. వంగిన దూలాన్ని సరిచేద్దామని లేపితే గోడలు విడిపోతాయి.

పైన ఇద్దరు ముగ్గురికి మించి వద్దు. దంతెలకు అడ్డంగా పలకలు పరిచి వాటి మీదే నిలబడాలి. పారతో పొరలుగా గీకాలి గానీ గునపం పోటు వేయకూడదు. గది నడిమి నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ సమానంగా వెళ్లండి. తీసిన మట్టి తీసినట్టే తట్టలతో కిందికి దిగాలి. "సాయంత్రం ట్రాక్టరు వచ్చాక ఒకేసారి దింపుదాం" అని ఒక మూల పోస్తారు. మరమ్మతు మధ్యలో కూలే కప్పులకు ఆ కుప్పే పెద్ద ముప్పు. గదంతా పరుచుకున్న బరువును రెండు దంతెల మీదికి తెచ్చినట్టవుతుంది.

తెచ్చే సామానుకూ ఇదే నియమం. వంద ఘనపుటడుగుల ఇసుక నాలుగున్నర టన్నులు. ఇరవై సిమెంటు బస్తాలు ఒక టన్ను. ఇవి పైకి ఆ పూటకు కావలసినంతే ఎక్కాలి. మిగతాది నేల మీదే.

కొత్తగా వేసేది తూకంలో తీసినదానికన్నా తక్కువ ఉండాలి. సమానంగా కూడా కాదు, తక్కువ.

చల్లదనానికి బరువు అక్కర్లేదు

నల్లబడ్డ స్లాబు మే నెల మధ్యాహ్నం 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. దానికి విరుగుడు మందం పెంచడం కాదు, రంగు మార్చడం. తెల్ల పూత ఎండను వెనక్కి కొడుతుంది. దాని బరువు లెక్కలోకే రాదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇంటి కప్పులు వేడెక్కకుండా చూసే కూల్ రూఫ్ విధానం తెచ్చాక చాలామంది దాన్ని టైల్స్ వేయించడంగానే అర్థం చేసుకుంటున్నారు. తెల్ల పూతా కూల్ రూఫే. పాత ఇంటికి అదే సరైనది.

గట్టి గచ్చుకైతే సున్నం చాలు. గుల్ల సున్నం ముందురోజే నానబెట్టి, పలుచటి గుడ్డలో వడగట్టి, పాలలా కలిపి మూడు పూతలు వేయండి. పూతకూ పూతకూ ఒక రోజు ఎడం. రెండో పూత మొదటిదానికి అడ్డంగా సాగాలి. ఒకటి రెండు ఎండాకాలాలు వస్తుంది, మళ్లీ వేసుకోవాలి. డబ్బాల్లో దొరికే తెల్ల పూత అయితే ఎక్కువ కాలం ఉంటుంది గానీ స్లాబు లోపలి తడి ఆరాకే వేయాలి. తడి మీద వేస్తే బుడగలు లేచి పొరలుగా ఊడుతుంది. పాచి గీకి, కడిగి, రెండు మూడు రోజులు గట్టి ఎండకు వదిలేశాక పొద్దున్నే మొదలుపెట్టండి. మట్టి మిద్దెకు ఏ పూతా పట్టదు. దానికి పందిరే మేలు. కొబ్బరాకు పందిరో గ్రీన్ నెట్టో వేయండి. గుంజలు గోడల మీదో నేల మీదో నిలబడాలి, మిద్దె మీద కాదు.

మట్టి మిద్దెలకు గవాక్షి, అంటే వెలుతురుకూ గాలికీ కప్పులో వదిలిన కంత, ఉంటుంది. వాన పడుతోందని దాన్ని మూసేసి, తర్వాత ఇల్లు ఉడుకుతోందని ఏసీ పెడుతుంటారు. వేడిగాలికి దారి అదే. దాని చుట్టూ జానెడెత్తు గట్టు కట్టి, పైన గాలి ఆడేలా చిన్న గొడుగు రేకు వేయండి.

మిగిలినవి

సున్నపు రాళ్లను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ల మీద నీళ్లు పోయొద్దు, చిమ్ముతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. కంట్లో పడితే కనీసం ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడిగి నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పాత ఇంట్లో గోడలే కప్పును మోస్తాయి. గాలి కోసమని కిటికీ పెంచాలంటే ముందు దూలాలకు ఆసరా, తర్వాత లింటెల్ (కిటికీ పైన గోడను మోసే అడ్డ దిమ్మె), ఆ తర్వాతే గోడ కొట్టడం. లింటెల్ రెండు వైపులా గోడ మీద కనీసం 8 అంగుళాలు కూర్చోవాలి. దూలం కొస కింద కిటికీ పెట్టొద్దు.

సన్‌షేడ్ మీద నిలబడొద్దు. దాని కడ్డీ పైభాగంలో ఉంటుంది. ఆ పైభాగాన్నే గంటు కొట్టి మాలు వేస్తే కడ్డీ తెగి మొత్తం ఊడిపడుతుంది.

సిమెంటు రేకు మీద కాలు పెట్టొద్దు. పట్టెల మీదుగా పలక వేసుకుని నడవండి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కోయొద్దు, పగలగొట్టొద్దు. తడిపి, బోల్టులు విప్పి, పూర్తి రేకుగానే దించండి.

పాత గదికి ఏసీ పెడితే మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. ఇంటికంతటికీ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకయితే సరఫరా ఆపేసే స్విచ్చి. ఇనుప కూలరుకు ఎర్త్ లేకుండా నీళ్లు పోయొద్దు. పోసేముందు ప్లగ్గు తీయండి, స్విచ్చి ఆపితే చాలదు.

దంతెలున్న గదికి ఫాల్స్ సీలింగ్ వద్దు. చెద, కారుపు రెండూ దాని వెనక దాక్కుంటాయి. స్లాబు గదికి వేస్తే, మనిషి తల దూరేంత తలుపు పెట్టండి.

వెయ్యి లీటర్ల ట్యాంకు అంటే టన్ను పైనే. గది నడిమిన వద్దు. రెండు గోడలు కలిసే మూల మీద, గోడ నుంచి గోడకు వేసిన దిమ్మెల మీద పెట్టండి.

పాతది తీయకుండా పైన తారు షీటు కూడా వేయొద్దు. కింద తడి చిక్కుకుని దంతెలు కుళ్లుతాయి.

పదకొండు నుంచి నాలుగు దాకా పైకి ఎవరినీ ఎక్కించొద్దు. కూలి కోయొద్దు, పనివేళలు మార్చండి.

పడమటి వైపు వేపచెట్టు ఆకులు రాలుస్తోందని కొట్టొద్దు.

పని అయిన రోజే తూములు చెత్త లేకుండా కడగండి. తూము మూసుకుని నాలుగంగుళాల నీళ్లు నిలిస్తే ఆ 180 చదరపు అడుగుల గది మీద 1,700 కిలోలు. ప్రతి కప్పుకూ రెండు తూములు ఉండాలి.

మంచం మీద రోజూ మట్టి రాలుతుంటే, దూలం కిరకిరలాడుతుంటే, నిన్నటిదాకా మూసుకున్న తలుపు మూసుకోకపోతే గది వదిలేయండి. సామాను కోసం మళ్లీ లోపలికి వెళ్లొద్దు.

వానలు పట్టాక కారుతోందని పైన మట్టి పోయొద్దు. టార్పాలిన్ కప్పి, అంచులను గోడల మీదే అదిమి, తెరిపి ఇచ్చేదాకా వేరే చోట పడుకోండి.