అటక మీది పాత పీసీకి కరెంటు ఇచ్చే ముందు

నెల్లూరులో బియ్యం మిల్లు ఆఫీసులోనో, ఒంగోలులో పొగాకు గోడౌనులోనో పద్దుల కోసం ఎప్పుడో కొన్న పీసీ అటక మీద మిగిలి ఉంటే, దాన్ని పాత ఇనుప సామాను కింద తూకానికి అమ్మేయకండి. అలాగని దించీ దించగానే ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయకండి. ముప్పయ్యేళ్లు కదలకుండా ఉన్న యంత్రానికి ఎక్కువ ముప్పు ఆ మొదటి నిమిషాల్లోనే ఉంటుంది, దానితోపాటు అందులోని లెక్కలకు కూడా.

ముందుగా అది ఏ తరానిదో తేల్చుకోవాలి. పైనున్న కంపెనీ పేరు ఇందుకు పెద్దగా ఉపయోగపడదు. 1984 నవంబరులో కేంద్ర ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించాక మన దేశంలో అమ్ముడైన పీసీల్లో చాలావాటికి మూలం ఐబీఎం నమూనాయే: 1981 ఆగస్టులో వచ్చిన పీసీ, 1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో వచ్చిన ఎక్స్‌టీ, 1984లో వచ్చిన ఏటీ. మూత విప్పి కార్డులు గుచ్చే స్లాట్లను చూడండి. అన్నీ ఒకే ముక్కగా ఉంటే అది 8088 ప్రాసెసర్ వాడే ఎక్స్‌టీ తరహా యంత్రం కావచ్చు. కొన్నింటికి అదే వరుసలో మరో చిన్న ముక్క ఉంటే 80286తో గానీ, ఆ తర్వాతి ప్రాసెసర్‌తో గానీ నడిచే ఏటీ తరహాది. చిప్పుల మీద 8723 లాంటి నాలుగంకెలు కనిపిస్తే, అది సాధారణంగా 1987లో 23వ వారమని అర్థం. ఒక్క చిప్పును చూసి నిర్ణయించకుండా నాలుగైదింటిని పోల్చి, వాటిలో చివరి తేదీని లెక్కలోకి తీసుకోవాలి.

మిల్లులో వాడిన యంత్రమైతే ఫ్యాను రెక్కల మీద తౌడు దుమ్ము అట్ట కట్టి ఉంటుంది. దాన్ని మెత్తని బ్రష్షుతో దులపాలి, తడిగుడ్డ వాడకూడదు. కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలి తగిలిన వాటిలో కార్డుల అంచుల మీది బంగారు పూత మసకబారుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన గుడ్డతో తుడిస్తే చాలు. ఏటీ తరహా బోర్డుల మీద మాత్రం చిన్న పీపా ఆకారంలో నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉందేమో వెతకండి. అది కారి చుట్టూ పచ్చని చిలుము పట్టి ఉంటే, దాన్ని కత్తిరించి తీసేసి, కారినది క్షారం కాబట్టి వెనిగర్‌తో తుడిచి, ఆ తర్వాత ఆల్కహాలుతో శుభ్రం చేయాలి. ఇలాంటి బోర్డులను ఎక్కువగా చంపేది పిడుగులు కాదు, ఈ బ్యాటరీయే.

తర్వాత పవర్ సప్లై. వెనుక వోల్టేజి స్విచ్చి ఉంటే అది 230 వైపు ఉండాలి. మదర్‌బోర్డు నుంచి తీగలు విప్పి, ఎందుకూ పనికిరాని ఒక డ్రైవును లోడుగా తగిలించండి, ఎందుకంటే లోడు లేకపోతే ఈ పాత సప్లైలు చాలావరకు మేలుకోవు. ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే సిరీస్ ల్యాంపు బోర్డు (కరెంటు ఒక బల్బు గుండా వెళ్లేలా కలిపినది) ద్వారా కరెంటు ఇచ్చినప్పుడు బల్బు ఒకసారి మెరిసి తగ్గితే ఫర్వాలేదు. పూర్తిగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. ఎర్ర తీగ మీద సుమారు 5 వోల్టులు, పసుపు తీగ మీద సుమారు 12 వోల్టులు వచ్చాకనే బోర్డుకు కలపాలి. ఆ కలిపే రెండు కనెక్టర్లలో నల్ల తీగలు మధ్యలో పక్కపక్కన రావాలి. తారుమారైతే బోర్డు కాలిపోతుంది. పాత పిక్చర్ ట్యూబు మానిటర్ మూత మాత్రం ఎవరు చెప్పినా విప్పవద్దు.

అంతా సరిగా ఉంటే ఒక చిన్న బీప్ వినిపిస్తుంది. ఏటీ తరహా యంత్రం తెర మీద 161 అని చూపితే అది బ్యాటరీ లేనందువల్ల వచ్చిన సందేశం, భయపడనక్కర్లేదు. 301 కీబోర్డుది, 1701 హార్డ్ డిస్కుది. ఎక్స్‌టీ, ఏటీ కీబోర్డులకు ప్లగ్గు ఒకటే గానీ సంకేతాలు వేరు, కాబట్టి కీబోర్డు అడుగున ఎక్స్, ఏ అని గుర్తులున్న స్విచ్చి ఉందేమో చూడండి.

హార్డ్ డిస్కు తిరిగిందంటే మిగతా పనులన్నీ ఆపి కాపీ మొదలుపెట్టాలి, అది రేపు తిరుగుతుందన్న హామీ లేదు. సీరియల్ పోర్టుకు నల్ మోడెమ్ కేబుల్ (రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే తీగ) వేసి, ఫైళ్లు పంపే కెర్మిట్ లాంటి ప్రోగ్రాముతో మరో కంప్యూటరుకు పంపవచ్చు. సెకనుకు 9600 బిట్ల వేగంతో 20 మెగాబైట్ల డిస్కు మొత్తానికి ఆరు గంటల దాకా పడుతుంది కాబట్టి, యంత్రాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ ఫైళ్లను వదిలి ముందు లెక్కల ఫైళ్లు తీయండి: డేటాబేస్ ప్రోగ్రాము డీబేస్ వాడి ఉంటే పేరు చివర డీబీఎఫ్ ఉన్నవి, స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాము లోటస్ 1-2-3 వాడి ఉంటే డబ్ల్యూకే1 ఉన్నవి. ఈ రెండూ ఈనాటి ఉచిత ఆఫీస్ ప్రోగ్రాము లిబ్రె ఆఫీస్‌లో తెరుచుకుంటాయి.

ఫైళ్లకు 1980 జనవరి 1 తేదీ కనిపిస్తే, ఐబీఎం పీసీ కూడా రాని ఆ ఏడాది లెక్కలేమిటని ఆశ్చర్యపోవద్దు. మొదటి ఎక్స్‌టీల బోర్డు మీద బ్యాటరీతో నడిచే గడియారం లేదు. స్విచ్చి వేసిన ప్రతిసారీ డాస్ తేదీ అడిగేది, గుమాస్తా ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే ఆ తేదీయే పడేది. అందువల్ల ఫైలు తేదీని నమ్మకుండా, లోపల బిల్లుల్లో వేసిన తేదీలను చూసి సంవత్సరం నిర్ణయించుకోవాలి.