వెంటపడి వేధిస్తుంటే ఏం చేయాలి?

మీ అయిష్టాన్ని అతనికి ఒక్కసారి, వీలైతే మెసేజ్‌లో, స్పష్టంగా తెలిపి, ఆపై బదులివ్వడం మానేయండి. స్త్రీ వద్దన్నాక కూడా పదేపదే వెంబడించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం కనుక ఆ మెసేజే తొలి ఆధారమవుతుంది. ప్రాణభయం ఉంటే మాత్రం అదీ అక్కర్లేదు, వెంటనే 112కు ఫోన్ చేయండి.

నంబరు బ్లాక్ చేసే ముందే స్క్రీన్‌షాట్లు తీయండి. పేరుతో సేవ్ చేసిన నంబరు చాట్‌లో కనబడదు కనుక, నంబరు కనిపించే ప్రొఫైల్ పేజీని కూడా తీసి, అసలు మెసేజ్‌లను ఫోన్‌లోనే ఉంచండి. బస్టాపు దగ్గర ఎన్ని గంటలకు నిలబడ్డాడు, ఆఫీసు గేటు దాకా వచ్చినప్పుడు ఎవరు చూశారు అన్నది అదే రోజు నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.

పరువు పోతుందని ఇంట్లోవాళ్లు ఆపడం మామూలే గానీ, ఆ ఆలస్యం అతనికే మేలు చేస్తుంది. తెలంగాణలోనైతే మహిళల భద్రత కోసం పనిచేసే పోలీసు బృందాలు, షీ టీమ్స్‌ను ఆశ్రయించవచ్చు. ఎక్కడున్నా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో, పరిధితో నిమిత్తం లేకుండా, జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని అడగవచ్చు. ఈ ఫిర్యాదును మహిళా అధికారి నమోదు చేయాలి, ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం ఉంది. అందుకు 15100కు ఫోన్ చేయండి.

మొదటిసారి నేరానికి బెయిలు దొరుకుతుంది కాబట్టి, బయటికొచ్చాక మళ్లీ సంప్రదిస్తే దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి.