స్పేస్ మిషన్ బడ్జెట్ ఖరారు చేసే ముందు

రివ్యూ బోర్డు ముందుకు వెళ్లేలోపు ఇవి చూసుకోండి.

కొత్త టెక్నాలజీ పరీక్షల్లో నిలబడిందా? అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇక్కడే. అంగారకుడి మీద తిరిగే నాసా వాహనం క్యూరియాసిటీ రోవర్ మోటార్లు ఆలస్యమై 2009 ప్రయోగం 2011కి జారింది. అంగారకుడికి దారి దాదాపు 26 నెలలకోసారే తెరుచుకుంటుంది, ఈలోగా టీమ్ జీతాలు ఆగవు.

భాగస్వామి దేశం ఇచ్చే పరికరానికీ తనిఖీ తేదీలు పెట్టండి. డబ్బు వాళ్లదైనా ఆలస్యం మనదే. ఫ్రాన్స్ ఇచ్చిన సీస్మోమీటర్‌లో (ప్రకంపనలు కొలిచే పరికరం) వాక్యూమ్ లీకై, నాసా అంగారక ల్యాండర్ ఇన్‌సైట్ ప్రయోగం 2016 నుంచి 2018కి వెళ్లింది. నాసాకు సుమారు 15 కోట్ల డాలర్లు అదనం.

అనుకోని ఖర్చులకు పక్కన పెట్టే రిజర్వు నిధి ఏ ఏడాది చేతికొస్తుంది? చివర్లో వస్తే సమస్య వచ్చిన రోజున పనికిరాదు.

టెస్టింగ్ రోజులకు కోత పెట్టొద్దు. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ సన్‌షీల్డ్ (ఎండ అడ్డుకునే తెర) ఫాస్టెనర్లు, అంటే స్క్రూల వంటివి, 2018లో పరీక్షల తర్వాత ఊడి కనిపించాయి. నేల మీదే తెలిసింది కాబట్టి సరిపోయింది!

‘ఇంకొక్క పరికరం’ అన్నవాళ్ల చేత, బదులుగా ఏది తీసేస్తారో రాయించుకోండి.