వానలు పడకముందే పేగుల సంగతి తెలుసుకోండి

వానాకాలం రాకముందే ఇంట్లో నాలుగైదు ఓఆర్‌ఎస్ పొట్లాలు (విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజుల పొడి) తెచ్చిపెట్టుకోండి. అర్ధరాత్రి పిల్లవాడికి నీళ్ల విరేచనాలు మొదలయ్యాక పరుగులు తీసి తెచ్చుకునే వస్తువు కాదది.

విరేచనాలు అవుతుంటే నీళ్లు తాగించకూడదని, తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. లంకణం పరమౌషధం అంటారు కదా అని పిల్లల కడుపు మాడుస్తారు. ఆ మాట ఈ జబ్బుకు పనికిరాదు. ఎందుకో తెలియాలంటే పేగులోకి తొంగిచూడాలి.

రోజూ మన చిన్న పేగులోకి సుమారు 9 లీటర్ల ద్రవం చేరుతుంది. మనం తాగిందీ తిన్నదీ కలిపి అందులో 2 లీటర్లే. మిగతాదంతా లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు రసం. అంటే మన ఒంట్లోంచి ఊరిన నీరే. దీన్ని దాదాపు మొత్తం పేగులు మళ్లీ లోపలికి లాగేసుకుంటాయి. మలంతో పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. పేగుకు ఇన్ఫెక్షన్ సోకి ఈ రాకపోకల లెక్క తప్పితే, మనం ఏమీ తాగకపోయినా ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది. నీళ్లు మాన్పిస్తే విరేచనాలు ఆగవు, ఒళ్లు ఎండిపోతుంది.

చిన్న పేగు లోపలి గోడంతా చూషకాలే, అంటే వేళ్లలా పొడుచుకొచ్చిన సన్నని మొలకలే. ఒక్కోటి మిల్లీమీటరుకు మించదు. వాటి మీది కణాల్లో గ్లూకోజునీ సోడియాన్నీ జంటగా లోపలికి తీసుకెళ్లే ద్వారం ఒకటుంది. ఆ రెండూ వెళ్తే నీరు వాటి వెంటే వెళ్తుంది. కలరాలో కూడా ఈ ద్వారం మూసుకుపోదు. నాకు ఎప్పుడు తలచుకున్నా అబ్బురంగా ఉంటుంది. చిటికెడు ఉప్పు, కాస్త చక్కెర ప్రాణం నిలబెట్టేది ఈ దారినే.

అందుకే కొలత ముఖ్యం. పొట్లం మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నే పోయాలి. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపండి. తియ్యగా ఉంటే తాగుతాడని చక్కెర పెంచకండి. ఎక్కువైన చక్కెర నీటిని పేగులోకే లాగి విరేచనాలు పెంచుతుంది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి.

వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి, చెంచాతో ఒక్కో గుక్కే పట్టండి. గ్లాసు ఎత్తి తాగిస్తే మళ్లీ కక్కుతాడు. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు పట్టాలి. తల్లిపాలు ఆపొద్దు, తిండీ ఆపొద్దు. విరేచనాలు కట్టే మాత్రలు పిల్లలకు మీ అంతట మీరు వేయకండి.

జబ్బు రాకుండా చూసుకోవడమంటారా, తాగే నీళ్లు తెర్లేదాకా కాచండి, వంటకు ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి. జీర్ణాశయంలోని ఆమ్లం చాలా క్రిముల్ని చంపేస్తుంది. గ్యాస్ అని రోజూ ఆమ్లం తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్లకు ఆ కాపలా పలచబడుతుంది కాబట్టి వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి.

పిల్లవాడి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదలండి. వెంటనే సర్దుకోకుండా మడతలా నిలిచినా, కళ్లు గుంటలు పడినా, మూత్రం ఆగినా, మలంలో రక్తం కనిపించినా, పిల్లవాడు మగతగా పడి ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. ఆసుపత్రికి బయల్దేరండి, దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి.