పడుకున్న కంప్యూటర్లను కూర్చున్నచోటు నుంచే లేపడం

నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పొద్దున ప్రాక్టికల్స్‌కి పిల్లలొచ్చేసరికి సిస్టమ్స్ అన్నీ ఆన్ అయి, అప్‌డేట్లు పూర్తయి ఉండాలి. ల్యాబ్ పైఅంతస్తులో, నా టేబుల్ కింది అంతస్తు ఆఫీసు గదిలో. అక్కణ్ణుంచే అన్నిటినీ లేపుతాను. దీన్ని వేక్ ఆన్ ల్యాన్ అంటారు. కొత్తగా కొనాల్సిందేమీ లేదు, ల్యాన్ కేబుల్ మాత్రం తప్పనిసరి. వైఫై మీద దీన్ని నమ్ముకోకండి.

ముందు సీపీయూని షట్‌డౌన్ చేసి వెనక ల్యాన్ పోర్టు చూడండి. లైటు ఇంకా వెలుగుతుంటే నెట్‌వర్క్ కార్డుకి స్టాండ్‌బై కరెంటు అందుతున్నట్టే. మిగతాదంతా ఆగిపోయినా ఆ కార్డు మేలుకునే ఉండాలి. లైటు ఆరిపోతే విండోస్‌లో ఎంత వెతికినా లాభం లేదు, బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లాలి. వేక్ ఆన్ ల్యాన్ అనో, పవర్ ఆన్ బై పీసీఐ-ఈ అనో ఉంటుంది, ఎనేబుల్ చేయండి. ఈఆర్‌పీ అని కనిపిస్తే డిసేబుల్ చేయండి. అది యూరప్ కరెంటు పొదుపు నిబంధనల కోసం పెట్టిన సెట్టింగు. ఆన్‌లో ఉంటే కార్డుకి వెళ్లే కరెంటు కూడా ఆగిపోవచ్చు.

తర్వాత విండోస్. డివైస్ మేనేజర్‌లో ఈథర్‌నెట్ కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో మూడు గళ్లకీ టిక్ పెట్టండి. మూడోది, మ్యాజిక్ ప్యాకెట్‌కి (లేపడానికి మనం నెట్‌వర్క్ మీద పంపే సందేశానికి) మాత్రమే లేవమని చెప్పేది, వదలొద్దు. వదిలితే వేరే ప్యాకెట్లకి కూడా అర్ధరాత్రి లేచి కూర్చుంటుంది. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. విండోస్ 8 నుంచీ షట్‌డౌన్ తర్వాత సిస్టమ్ లేవకపోవడానికి తరచూ ఇదే కారణం.

ఇక మ్యాక్ అడ్రస్ కావాలి, అంటే నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత గుర్తింపు నంబరు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్, స్పేస్, స్లాష్ ఆల్ కొడితే ఈథర్‌నెట్ కింద ఫిజికల్ అడ్రస్ అని వస్తుంది. మ్యాజిక్ ప్యాకెట్‌లో ఉండేదల్లా ఇదే: ఆరు ఎఫ్‌ఎఫ్ బైట్లు, వాటి వెనక ఆ మ్యాక్ అడ్రస్ 16 సార్లు. మొత్తం 102 బైట్లు. కార్డు తన అడ్రస్ గుర్తుపట్టగానే మదర్‌బోర్డుని లేపుతుంది. పంపడానికి లినక్స్‌లో వేక్‌ఆన్‌ల్యాన్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, ఫోనుకి ఉచిత యాప్‌లున్నాయి. పోర్టు నంబరు అడిగితే మామూలుగా 9 ఇవ్వాలి.

ఎక్కడికి పంపుతున్నారన్నది మాత్రం జాగ్రత్తగా చూడండి. సిస్టమ్ ఐపీకి (నెట్‌వర్క్‌లో దానికిచ్చిన అడ్రస్‌కి) పంపితే షట్‌డౌన్ చేసిన వెంటనే లేస్తుంది, తెల్లారి లేవదు. ఆ ఐపీ ఏ మ్యాక్‌దో పంపే సిస్టమ్‌కి కొద్దిసేపే గుర్తుంటుంది. మర్చిపోయాక మళ్లీ అడిగితే, పడుకున్న సిస్టమ్ చాలాసార్లు జవాబివ్వదు. అందుకే నెట్‌వర్క్‌లో అన్ని సిస్టమ్‌లకీ చేరే బ్రాడ్‌కాస్ట్ అడ్రస్‌కే పంపండి. మీ నెట్‌వర్క్ 192.168.1తో మొదలై, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అయితే అది 192.168.1.255. పరీక్ష కూడా గంట ఆగి చేయండి. వెంటనే చేసిన పరీక్షని నేను లెక్కలోకి తీసుకోను.

రాత్రి కరెంటు పోయొస్తే కొన్ని బోర్డులు ఒకసారి బటన్‌తో ఆన్ చేసేదాకా ప్యాకెట్‌ని పట్టించుకోవు. అలాంటివాటికి బయోస్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యేలా పెట్టుకోవాలి.

మామూలు మ్యాజిక్ ప్యాకెట్‌కి పాస్‌వర్డ్ ఉండదు. కాబట్టి ఇంటి నుంచి లేపాలనిపించినా రూటర్‌లో పోర్టు తెరవకండి. వీపీఎన్‌తో, అంటే బయటి నుంచి భద్రంగా లోపలికి తెచ్చే కనెక్షన్‌తో, కాలేజీ నెట్‌వర్క్‌లోకి వచ్చి, లోపల ఆన్‌లో ఉన్న సిస్టమ్ నుంచి పంపండి. ల్యాబ్ మొత్తాన్ని లేపేటప్పుడు ఒక్కో ప్యాకెట్‌కీ మధ్య కొన్ని సెకన్లు వదలండి. అన్నీ ఒకేసారి లేస్తే యూపీఎస్ మీద లోడంతా ఒక్కసారిగా పడుతుంది.